తోటికోడలి పొటాషియం

కష్టపడి బతికేవాళ్లకు అసూయపడే తీరిక ఉండదని రాస్తుంటారు. రాసేవాళ్లు ఒకసారి మూడో అంతస్తులోని ఆ యూనిఫారాల కార్ఖానాకు వచ్చి పెద్దకోడలిని చూడాలి. ఇరవై రెండేళ్లుగా కటింగ్ బల్ల ఆమెది. ఒకరి కొలతతో ఇంకొకరికి గుడ్డ కత్తిరించిన పాపాన పోలేదు.

అక్కడే మిషను కుట్టే తోటికోడలికీ ఆమెకూ బీపీ ఒకే ఏడాది వచ్చింది. పోలిక అంతవరకే. చిన్నకోడలు మెట్లన్నీ కబుర్లాడుతూ ఎక్కేస్తుంది. పెద్దకోడలికి రెండో మలుపులోనే ఆయాసం. "బల్ల ఇక మీ తోటికోడలికి అప్పగిద్దామా అమ్మా?" అని సూపర్‌వైజరు అన్ననాడు ఆమె కడుపులో నిప్పులు పోసినట్లయింది.

చిన్నకోడలి అన్నం డబ్బా పక్కన పొటాషియం మాత్రల సీసా కనిపించింది. "దీని ఓపికంతా ఇందులో ఉందన్నమాట! నాకు మాటమాత్రం చెప్పిందా దొంగమొహంది?" అనుకుని, పేరు రాసుకుని, వేరే వీధి దుకాణంలో కొనుక్కుంది. చిన్నది పూటకొకటి వేసుకుంటే తను రెండు. పెద్దరికమంటూ ఒకటి ఉంది కదా!

మూడు వారాలకు కాళ్లలో సత్తువ పోయింది. గుండె లయ తప్పి కొట్టుకోసాగింది. ఒకరోజు కత్తెర చేతిలోంచి జారిపోయింది, వెనకే ఆమె కూలబడింది. అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చింది చిన్నకోడలే. అదింకో మంట.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ, "బీపీ మాత్ర కాక ఇంకేమైనా వేసుకుంటున్నారా?" అంది.

"ఏమీ లేదండీ."

"పొటాషియం ఇంత పెరగడం ఊరికే జరగదమ్మా. ఇంకాస్త పెరిగితే గుండె ఆగిపోవచ్చు."

తోటికోడలు పక్కనే నిలబడి ఉంది. దీని ముందు చెప్పడం కన్నా చావు నయమనిపించింది. డాక్టరమ్మ ఈసీజీ కాగితం మళ్లీ మళ్లీ చూడ్డం చూశాక అంత నయమనిపించలేదు.

"ఇది వేసుకునే పొటాషియం మాత్రలేనండీ. పూటకు రెండేసి."

"నా మాత్రలా! అడిగితే చెప్పేదాన్నిగా అక్కా!"

"అడిగి నీకు లోకువైపోనా?"

డాక్టరమ్మ నవ్వలేదు. ఇద్దరి బీపీ మాత్రల పేర్లూ అడిగి తెలుసుకుంది. "ఈమె బీపీ మాత్ర నీళ్లతోబాటు పొటాషియాన్నీ బయటికి పంపేస్తుంది, అందుకే రాశారు. మీ మాత్ర దాన్ని ఒంట్లోనే ఆపేస్తుంది. మీరు పైనుంచి ఇంకా పోశారు. ఇక బలం పొడైనా సరే, మమ్మల్ని అడక్కుండా ముట్టుకోకండి."

రెండు రోజులు మంచం మీదే. రెండోనాడు చిన్నకోడలు మెల్లగా చెప్పింది: "బల్ల నాకిస్తామన్నారక్కా. అక్క లేచి వస్తుంది, నాకొద్దన్నాను."

బల్ల మిగిలింది, ప్రాణమూ మిగిలింది. ఇలాంటప్పుడు మనిషికి కళ్లు చెమర్చాలి. పెద్దకోడలికి చెమర్చలేదు. "మంచిదన్న పేరూ దీనికే పోయింది" అనుకుని గోడవైపు తిరిగి పడుకుంది.