విఠల్ సేఠ్ చెప్పిన ఉత్తరం

నిన్న పొద్దున ఆమ్లెట్ వేద్దామని గిన్నెలో గుడ్డు కొడితే మురిగిపోయి ఉంది. కిటికీలన్నీ తెరిచినా ఆ కంపు మధ్యాహ్నం దాకా ముక్కును వదల్లేదు. "ఒక్క గుడ్డుకే ఇంత హైరానానా అత్తమ్మా" అని కోడలు నవ్వింది. ఆమెకేం తెలుసు. ఆ వాసన వస్తున్నంతసేపూ పారిపోవడానికి ఇంకా వ్యవధి ఉన్నట్టు. ఉన్నట్టుండి రావడం మానేస్తేనే ప్రాణాల మీదికి వచ్చినట్టు. ఈ సంగతి నేను పురానాపూల్ పక్కన ఒక రంగుల కార్ఖానాలో నేర్చుకున్నాను.

డెబ్బైల చివర్లో టైపు పరీక్ష పాసై, ఉప్పుగూడ నుంచి రోజూ అక్కడికి పనికి వెళ్ళేదాన్ని. యజమాని విఠల్ సేఠ్‌ది మూడు తరాల నూలు వ్యాపారం. ఇల్లు మొఘల్‌పురాలో, కార్ఖానా మూసీ ఒడ్డున. బురఖా బట్టకు కావలసిన నూలుకు నల్లరంగు అద్దడం అక్కడి పని. పొట్టి మనిషి, తెల్లటి ధోవతి, గోళ్ళు మాత్రం ఎప్పుడూ నలుపే. నిజాం కాలం చదువు గనక ఉర్దూ గడగడా చదివేవారు, ఇంగ్లీషు ముక్క రాదు. సర్కారు కాగితాలేమో ఇంగ్లీషులో వచ్చేవి. ఆయన తెలుగులో చెప్తే నేను ఇంగ్లీషులో టైపు చేసి, ప్రతి వాక్యాన్నీ మళ్ళీ తెలుగులో చదివి వినిపించాలి. అప్పుడే సంతకం, అదీ ఉర్దూలో.

మొదటి ఉత్తరంలోనే దొరికిపోయాను. తమ దయ కోసం ప్రాధేయపడుతున్నామని నా సొంతంగా ఒక వాక్యం చేర్చాను.

"గిదేంది, ప్రాధేయపడుడు?"

"సర్కారుకు అట్లనే రాస్తరు సేఠ్."

"మనమేమన్న బిచ్చమడుగుతున్నమా? నేను చెప్పింది రాయి బిడ్డా. ఒక్క మాట ఎక్కువొద్దు, ఒక్క మాట తక్కువొద్దు."

మూడుసార్లు టైపు చేయించారు. అప్పుడు ఒళ్ళు మండింది గానీ, సూటిగా రాయడమంటూ నాకు వచ్చిందంటే అది ఆయన పెట్టిన భిక్షే.

నదిలోకి మురికినీళ్ళు వదలాలంటే అనుమతి తీసుకోవాలని అప్పుడే కొత్త చట్టం వచ్చింది. మాకూ నోటీసు వచ్చింది. దిగువన ఒడ్డు వెంట గడ్డి కోసేవాళ్ళు, చేతులు నల్లబడి పుండ్లు పడుతున్నాయని ఫిర్యాదు చేశారట. సేఠ్ మండిపడ్డారు.

"శహరంతటి మోరీలు మూసీలనే పడుతున్నయి. నా నాలుగు గంగాళాలే కండ్లబడ్డయా వీళ్ళకు? పెద్ద మిల్లులోళ్ళకు ఇంజనీర్లుంటరు. నాకెవరున్నరు? అంజయ్య ఉన్నడు."

అంజయ్య రంగు మేస్త్రీ, ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. గంగాళంలో వేలు ముంచి చూసి, రంగు పట్టేదీ పట్టనిదీ చెప్పేసేవాడు. సేఠ్ మాటల్లో న్యాయం లేదని నేనిప్పటికీ అనలేను. కానీ వంతెన దాటేటప్పుడు ఆ గడ్డి కోసేవాళ్ళ చేతులు కూడా చూశాను.

తిట్టుకుంటూనే సేఠ్ ఒక హౌజు కట్టించారు. నీళ్ళు ఆ తొట్టిలో నిలిచి, మడ్డి అడుక్కు దిగాక పైనీళ్ళు నదిలోకి పోవాలన్నది లెక్క. దోమలు చేరకుండా పైన షాబాదు బండలు పరిపించి, ఒక మనిషి దిగేంత సందు వదిలారు. అయినా నీళ్ళు నల్లగానే పోయాయి. తనిఖీకి వచ్చిన ఆఫీసరు మర్యాదస్తుడు, మా చాయ్ కూడా ముట్టలేదు. గురువారం వచ్చి సీసాలో నీళ్ళు పట్టుకుపోతాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే గేటుకు తాళం తప్పదనీ చెప్పి వెళ్ళాడు. కార్ఖానా మీద ఇరవై కుటుంబాలు బతుకుతున్నాయి.

బుధవారం మధ్యాహ్నం అంజయ్య ఒక బకెట్‌లో నల్లనీళ్ళు తెచ్చి వాకిట్లో పెట్టి, గ్లాసెడు తేజాబ్ పోశాడు. తేజాబ్ అంటే యాసిడ్. చూస్తుండగానే నలుపంతా పిండిలా అడుక్కు దిగి, పైన నీళ్ళు తేటపడ్డాయి. కుళ్ళిన గుడ్ల కంపు గుప్పుమంది. అందరం ముక్కులు మూసుకుని నవ్వాం.

"ఎన్నడు నేర్సినవ్ర ఇది?" అన్నారు సేఠ్.

"రంగు ఖరాబైతదని దీని దగ్గరికి తేజాబ్‌ను రానియ్యం గద సేఠ్. ఇయ్యాల ఖరాబు చేసుడే మన పనాయె."

"హౌజుల గూడ గిట్లనే అయితదా?"

"అయితది. దిగి కట్టెతోని కలుపాలె. మస్తు తేటగైతది."

"అయితే దిగు."

బకెట్ ఆరుబయట ఉంది, హౌజు మీద బండలున్నాయి. ఆ తేడా మాలో ఒక్కరికీ తట్టలేదు. మూసిన చోట ఆ విషపు గాలి ముదిరితే ముక్కే మొద్దుబారి వాసన తెలియదని తరువాతే తెలిసింది. రెండు జాడీల తేజాబ్ పోశాక అంజయ్య దిగాడు. "వాసన పోయింది సేఠ్, ఇగ ఫికర్ లేదు" అని లోపలి నుంచి వినిపించింది. కాసేపటికి కట్టె చప్పుడు ఆగిపోయింది. సేఠ్ ధోవతి బిగించి తానే దిగబోతే నలుగురు గట్టిగా పట్టుకున్నారు. బండలన్నీ లేపి బయటికి తీసేసరికి అంజయ్యలో ప్రాణం లేదు. హౌజులో నీళ్ళు మాత్రం నిజంగానే తేటగా ఉన్నాయి.

సేఠ్‌ను ఇంటికి మోసుకుపోవలసి వచ్చింది. ఆయన లేనప్పుడు పోలీసులొస్తే, కాలు జారి పడ్డాడని పనివాళ్ళు చెప్పేశారు. తరువాత నీళ్ళ ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. సేఠ్ వచ్చి నా టేబుల్ ముందు నిలబడే చెప్పారు.

"రాయి బిడ్డా. మీ సీసను మోసం చెయ్యనీకె తేజాబ్ పోయించిన. అంజయ్యను దిగుమన్నది నేనే. తప్పు నాది. తాళమేస్తరో, జైల్లేస్తరో, మీ ఇష్టం."

నేను టైపు చేసింది వేరు. పనివాడు అంజయ్య ఎవరికీ చెప్పకుండా తనంతట తానే హౌజులోకి దిగి, కాలు జారి పడ్డాడని రాశాను. ఆ కాగితాన్నే ఎదురుగా పట్టుకుని, ఆయన చెప్పిన మాటలను ఒక్కొక్కటే చదువుతున్నట్టు వినిపించాను. ఆయన సంతకం చేశారు. ఇరవై ఇళ్ళ పొయ్యిలు ఆరిపోకూడదనే ఇలా చేశానని నాకు నేనే చెప్పుకున్నాను. మంచం పట్టిన మా నాన్న ఉన్న ఇల్లు కూడా ఆ ఇరవైలో ఒకటి.

ఆ తరువాత సేఠ్ గంగాళాల కింద మంట పెట్టనివ్వలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, తాళం వేసేవాళ్ళ కోసం గేటు వైపు చూస్తూ కూర్చునేవారు. అంజయ్య చావుతో గురువారం తనిఖీ వాయిదా పడింది. పని లేదు కాబట్టి తరువాత ఆఫీసువాళ్ళు పట్టుకెళ్ళిన సీసాలో నీళ్ళు తేటగానే ఉన్నాయి. కొన్నాళ్ళకు అనుమతి కాగితం వచ్చింది. సేఠ్‌కు తెలుగులో చదివి వినిపించాను.

"మల్ల సదువు."

మళ్ళీ చదివాను.

"నేనే దిగుమన్న అని రాసిస్తే గూడ పర్మిషనిచ్చిండ్రా?" కాగితాన్ని నా టేబుల్ మీద పడేశారు. "అంటే అంజయ్య పానం వాళ్ళకు లెక్కల్నే లేదు."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అంతవరకూ ఆయన చట్టాన్ని ఎంత తిట్టినా, అడిగేవాడొకడున్నాడన్న భయం ఉండేది. ఆ రోజుతో అది పోయింది. హౌజును మట్టితో పూడ్పించారు, నల్లనీళ్ళు మళ్ళీ తిన్నగా మూసీలో పడ్డాయి. ఏ నోటీసు వచ్చినా "ఎవడు సదువుతడు తియ్యి" అనేవారు. ఒకసారి అంజయ్య భార్య నా దగ్గరికి వచ్చి, "మా ఆయిన చెప్పకుంట దిగిండని కాయిదంల ఉన్నదట గద. ఆయిన గట్ల చేసేటోడు కాదు బిడ్డా" అంది. నేను టైపు మిషన్ మీద గుడ్డ సర్దుతూ ఉండిపోయాను.

చాలా ఏళ్ళకు సేఠ్‌కు పక్షవాతం వచ్చిందని తెలిసి మొఘల్‌పురా వెళ్ళాను. మంచం చుట్టూ ఉన్న బంధువులకు నన్ను చూపిస్తూ, ముద్దగా మాట్లాడారు. "గీ బిడ్డ నా మాట ఉన్నదున్నట్టు రాసింది. సదివేటోళ్ళే లేకపాయె."

"అవును సేఠ్" అన్నాను. ఆ వారమే ఆయన పోయారు.

తరువాత ఎన్నో ఆఫీసుల్లో ఎందరికో ఉత్తరాలు రాసిపెట్టాను, ఒక్క మాట ఎక్కువా తక్కువా లేకుండా. నా పనితనాన్ని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం నాకు సిగ్గుగా ఉంటుంది. ఆయన చెప్పి పంపిన మాట ఇంతవరకూ ఎవరికీ చేరలేదు. అంజయ్య చెప్పకుండా దిగలేదు. దిగమంటే దిగాడు. కాలు జారలేదు. అలా రాసింది నేను.