కోటలో ఆవిడ

మా అక్క ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒంట్లోంచి ఇంకా ఆవిరి వస్తున్నట్టే ఉంటుంది. ఇదివరకు ఆమె చెప్పులు విడవకముందే పిచ్చుక ఎదురెళ్లి మెడకు చుట్టుకునేది. పిచ్చుక అంటే అక్క కూతురు; నోరు మూతపడదని ఆ పేరు. ఈమధ్య మాత్రం గుమ్మంలోకి వచ్చిన అక్కకి కనిపించేది ఒకే పుస్తకం మీద వాలిన రెండు తలలు, దానిదీ నాదీ.

అది ముట్టడిలో చిక్కుకున్న ఓ కోట కథ. చరిత్ర పాఠం తెరిస్తే పిచ్చుకకి నిద్ర ముంచుకొస్తుంది. అందుకని నేనే ఈ నవల ఇచ్చాను. నిజంగా జరిగినదాని కింద గీత గీయాలి, రచయిత అల్లినదాని కింద చుక్కలు పెట్టాలి. అనుమానమొస్తే పాఠ్యపుస్తకం తెరిచి చూసుకోవాలి.

"అమ్మా, ఈ కోటలో ఒకావిడ ఉంది, కూతురంటే ఎంత ప్రాణమో!" అంది పిచ్చుక ఆ రోజు, తలెత్తకుండానే.

"నిన్నా ఆవిడే, మొన్నా ఆవిడే. నీ యూనిఫాం కూడా ఆవిడే ఉతుకుతుందా?" అక్క సంచి బల్లమీద పడేసింది. "ఏమ్మా పంతులమ్మా, నా కూతురికి కొత్త అమ్మని కుదిర్చావా?"

నేను పుస్తకంలోకి ఇంకాస్త వంగాను. అక్క ముందు నాకెప్పుడూ ఇదే తంతు.

"ముట్టడి నిజమేనమ్మా, మా పాఠంలో ఉంది. ఆవిడ మాత్రం కల్పన. చుక్కలు పెట్టేశాను."

"అయితే లేనే లేదన్నమాట!" అక్క మొహం వెలిగిపోయింది. కూనిరాగం తీస్తూ వంటింట్లోకి వెళ్లి, ఇంట్లో మిగిలిన ఒక్క గుడ్డూ అన్నంలో పెట్టి తెచ్చింది.

పిచ్చుక కంచం వంకా, అమ్మ వంకా చూసింది. "మరి నీకో?"

"నేను క్యాంటీన్లో తినొచ్చాను."

"రోజూనా?"

"రోజూ."

"ఆవిడా కూతురితో అంతే అంటుంది, వంటశాలలో తినేశానని. అబద్ధం." పిచ్చుక గొంతు సన్నబడింది. "నువ్వు నిజంగానే తింటున్నావా అమ్మా?"

అక్క చూపు తిప్పుకుని కొంగుతో బల్ల తుడవసాగింది. పిచ్చుక గుడ్డు రెండు ముక్కలు చేసి కంచం మధ్యకి జరిపింది. అక్క కూలబడి ఒక ముద్ద తింది, ఇంకోటి తింది, పుస్తకం వైపు కొరకొరా చూసింది.

"ఇన్నాళ్లూ నా మొహం చూసి కనిపెట్టలేకపోయావు. చివరికి అదీ ఆవిడే చెప్పాల్సొచ్చిందా!"

నేను పుస్తకం మూసి బీరువాలో పెట్టబోయాను.

"ఎక్కడికి? అక్కడే ఉంచు," అంది అక్క. "రేపటి నుంచి నేనొచ్చేదాకా ఒక్క పేజీ తిప్పకండి. నా గుట్టు ఇంకా ఏమేం బయటపెడుతుందో ఏమో ఆ మహాతల్లి."