పాస్‌వర్డ్ చెప్పని మామయ్య

మామయ్య ఆస్తి అడిగినా రాసిచ్చేవాడేమో గానీ, వైఫై పాస్‌వర్డ్ మాత్రం చచ్చినా చెప్పడు. కన్నకొడుక్కి చెప్పలేదు, కాపురానికొచ్చిన కోడలికీ చెప్పలేదు. ఇంటిల్లిపాదికీ వైఫై ఉంది, పాస్‌వర్డ్ మాత్రం ఆయన ఒక్కడి కడుపులోనే ఉంది. ఆయనది తాళాల కొట్టు. జీవితమంతా తాళాలమ్మిన మనిషికి లోకమంతా తెరిచిపెట్టిన గుమ్మంలా కనిపించడంలో వింతేముందని కోడలు మొదట్లో సరిపెట్టుకుంది.

రౌటర్ బిగించడానికొచ్చిన మనిషి దాని అడుగున అచ్చేసిన పిన్ నంబరు చూపించి, ఇది కొట్టినా కలుస్తుందండీ అన్నాడు. మామయ్య ముఖం మాడిపోయింది. దొంగ తాళంచెవుల గుత్తి తెచ్చుకుని ఒక్కొక్కటే తిప్పి చూసినట్టు, ఓపికున్నవాడు ఆ అంకెలూ ఒక్కొక్కటే వేసి చూడలేడా అని నిలదీసి, పిన్ పద్ధతిని అక్కడికక్కడే మూయించాడు. పాస్‌వర్డ్ లేకుండానే కలిపే, రౌటర్ వెనకున్న మీట ఒక్కటే మిగిల్చాడు. మీట నొక్కాలంటే ఎంతటివాడైనా ఇంట్లోకి రావాలి, వస్తే ముఖం చూస్తాం కదా అన్నది ఆయన లెక్క.

ఆ నొక్కడమొక పెద్ద తతంగం. ముందు వీధి తలుపుకు గడియ పడాలి. తరువాత కిటికీలోంచి తొంగిచూసి, పక్కింటాయన ఫోన్ పట్టుకుని నిలబడలేదని రూఢి చేసుకోవాలి. మీట నొక్కితే కొత్తవాళ్ళకు దారి రెండు నిమిషాలే తెరిచి ఉంటుంది. ఆ కాసేపూ మామయ్య రౌటర్ పక్కన చేతులు కట్టుకుని, పురిటిగది బయట భర్తలా నిలబడేవాడు. మిణుకుమనే దీపం నిలకడగా వెలిగాక హాజరు మొదలయ్యేది. తన ఫోన్‌లో రౌటర్ పేజీ తెరిచి, కలిసిన వస్తువులన్నిటినీ పేరుపేరునా పిలిచేవాడు.

"టీవీ?"

టీవీ పలకదు గనక దాని తరఫున కొడుకు పలకాలి. "ఉన్నానండి."

అందరూ ఉన్నారని, కొత్తవాళ్ళెవరూ లేరని తేలాక, మీట పనిచేయకుండా సెట్టింగుల్లో దానికీ తాళం వేసి గాని మంచినీళ్ళు ముట్టేవాడు కాదు.

కొడుకు కొత్త ఫోన్‌లో మీటతో కలిసే సౌకర్యమే లేదు. అయినా మామయ్య లొంగలేదు. అందరినీ గోడవైపు తిరగమని, పాస్‌వర్డ్ తానే కొట్టిచ్చాడు. ఆఫీసులో ఒక్క చూపుతో జనాన్ని వణికించే ఆ కొడుకు, ఇంట్లో పెచ్చులూడిన గోడను చూస్తూ బుద్ధిగా నిలబడ్డాడు.

ఆ ఇంట్లోనే మామయ్య అక్కగారు కూడా ఉండేది. కోడలు ఆమెను అత్తయ్యా అని పిలిచేది. తల్లి పోయిన ఇంట్లో పొయ్యి దగ్గర తాను కూర్చుని, తమ్ముణ్ణి బడికి పంపిన మనిషి. సూదిలో దారం ఒక్క విసురుకే ఎక్కించేది గానీ, కాగితం చేతిలో పెడితే మాత్రం కళ్ళజోడు మసకేసిందనేది.

పొరుగూళ్ళో ఉన్న ఆమె కూతురికి ఆ ఉదయమే ఆడపిల్ల పుట్టింది. మధ్యాహ్నం వీడియోలో చూపిస్తానని కబురు పంపింది. అత్తయ్య చేతికి కొడుకు వాడి పక్కన పెట్టిన టాబ్ వచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆమె అన్నం కూడా ముట్టలేదు.

మామయ్య కొట్టుకెళ్ళాడు. ఆయన వచ్చి తలుపులు మూసి తతంగం ముగించేసరికి పసిది నిద్రపోతుందని కోడలికి బెంగ. కంపెనీకి ఫోన్ చేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టించి, పెద్ద అక్షరాలతో అట్టమీద రాసి రౌటర్ పక్కన అంటించింది. తన ఫోన్ కలిపింది, భర్త ఫోన్ కలిపింది. వెధవ చాదస్తం ఇవాల్టితో వదిలిందనుకుంటూ అత్తయ్య వైపు తిరిగింది.

"అదిగో అత్తయ్యా, చూసి కొట్టేయండి."

అత్తయ్య వేలు తెరమీద గాలిలోనే ఆగింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది.

"ఈ జోడు పాడైనట్టుందమ్మా."

"నేను చదువుతాను, మీరు నొక్కండి."

అత్తయ్య టాబ్‌ను మెల్లగా బల్లమీద పెట్టేసింది. "పాపను రేపు చూస్తాలే. తొందరేముంది?"

పొద్దుటి నుంచి పచ్చి గంగ ముట్టని మనిషి తొందరేముందంటుంటే కోడలికి ఏదో తట్టింది గానీ, అదేమిటో తేలేలోపే మామయ్య గుమ్మంలోకి వచ్చాడు. అట్ట చూశాడు, అక్క ముఖం చూశాడు. ఒక్క అంగలో వెళ్ళి అట్ట పీకి నాలుగు ముక్కలు చేశాడు.

"తాళంచెవి గుమ్మానికి వేలాడదీస్తారా? నేను బతికుండగా ఈ ఇంట్లో ఎవరూ ఏదీ కొట్టడానికి వీల్లేదు. గడియ వెయ్యండి."

గడియ పడింది. పక్కింటాయన లేడని తేలింది. మామయ్య అట్ట ముక్కలు చూసి తన ఫోన్ కలుపుకుని, మీటకు వేసిన తాళం తీశాడు.

"అక్కా, నీ టాబ్‌లో రెండు బాణాలు గుండ్రంగా తిరిగిన బొమ్మ ఉంది చూడు. దాన్ని నొక్కు." ఇటు ఆయన మీట నొక్కాడు.

దీపం నిలిచింది. కాసేపటికి తెరమీద ఎర్రటి పిడికిలంత ముఖమొకటి ఆవులించింది. అత్తయ్య చూపుడువేలితో తెరమీద ఆ బుగ్గను నిమురుతూ ఉండిపోయింది.

మసక కళ్ళజోడుది కాదని, అక్షరాలదని కోడలికి అప్పటికి తెలిసింది. వంటింట్లో మామయ్యకు అన్నం వడ్డిస్తూ గొంతు తగ్గించి అడిగింది. "నాకొక మాట చెప్పాల్సింది కదా మామయ్యా."

"ఆమె నాకే చెప్పలేదు. నేనూ అడగలేదు." మామయ్య కంచం దగ్గరకు లాక్కున్నాడు. "తెలిస్తే మీకు జాలేస్తుంది. జాలి మా అక్కకు పడదు. అదే నా మీద కోపమొచ్చిందనుకో, నాకేం నష్టం? హాయిగా ఆకలేస్తుంది."

సాయంత్రం అత్తయ్య కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. పాపకు అమ్మమ్మ ముక్కే వచ్చిందని సంబరంగా చెప్పి, ఆపైన రహస్యంగా చెవి దగ్గరకు వంగింది.

"మా తమ్ముడి తిక్క ఏమీ అనుకోకమ్మా. చిన్నప్పటి నుంచీ అంతే. అంత చదివించాను, బుద్ధి మాత్రం నేర్పలేకపోయాను."

పక్కగదిలో మామయ్య పేపరు తిప్పడం ఆగిపోయింది.

"అవునత్తయ్యా," అంది కోడలు, ఆ గదికి వినబడేంత గట్టిగా నిట్టూర్చి. "ఏం చేస్తాం, దేవుడిచ్చిన మామగారు. భరించాలి."

పేపరు తృప్తిగా మరో పేజీ తిరిగింది.