పడమటి గోడ

నా చిన్నప్పుడు మా ఇంట్లో "ఉక్కగా ఉంది" అనడం పెద్ద నేరం. అమీర్‌పేటలో మా నాన్న కట్టించిన కొత్త స్లాబు ఇల్లు అది. మా గల్లీలో మిగతావన్నీ మట్టి గోడల పాత పెంకుటిళ్లు. ఆ స్లాబును చూసుకుని నాన్నకు గర్వం అంతా ఇంతా కాదు. అంతకుముందు ఏడు వానకు కారిందని ఆ వేసవి మొదట్లో పైనంతా నల్లగా డాంబరు పూయించాడు. పడమటి వైపు నీడనిచ్చే చెట్టు కూడా లేదు. మే నెల వచ్చేసరికి ఆ ఇల్లు రొట్టెలు కాల్చే భట్టీ అయింది.

పగలు ఎలాగో ఓర్చుకునేవాళ్లం. సాయంత్రమే నరకం. బయట గాలి చల్లబడుతుంటే లోపల వేడి పెరిగేది. పగలంతా మింగిన ఎండను స్లాబూ గోడలూ అప్పుడు కక్కేవి. ఇల్లొక్కటే కాదు, ఇనప బీరువా, బియ్యం డబ్బా, పరుపులు, బిందెలో నీళ్లు, అన్నీ వేడిని పట్టుకుని కూర్చునేవి. గల్లీలో అందరూ చీకటి పడకముందే మంచాలు బయట వాల్చుకునేవారు. మాకు ఆ భాగ్యం లేదు. స్లాబు ఇల్లు కట్టుకుని వాకిట్లో పడుకుంటే నలుగురూ నవ్వుతారని నాన్న పంతం.

ఆయన పంజాగుట్టలో మోటారు సామాన్ల దుకాణంలో పనిచేసేవాడు. అక్కడ సేటు పగలంతా తిట్టేవాడు. ఆ తిట్లన్నీ సాయంత్రం అమ్మ వీపు మీద దెబ్బలయ్యేవి. చుట్టాలేమో "ఎండ తలకెక్కింది, సల్లవడితే వాడే మంచిగైతడు" అనేవారు. వినీ వినీ నాకు ఒళ్లు మండేది. ఏం, చలికాలంలో కొట్టలేదా?

ఒక సాయంత్రం ఆర్నెల్ల మా తమ్ముడు పాలు మానేశాడు. ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తేలేశాడు, ఏడవడానికి కూడా ఓపిక లేదు. అమ్మ వాణ్ని ఎత్తుకుని బయటికి పోబోయింది. అప్పుడే దుకాణం నుంచి వచ్చిన నాన్న గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. ఇల్లు ఉడికిపోతోంది, లోపలే ఉంటే పిల్లాడు దక్కడు అంది అమ్మ. అంతే, ఇత్తడి చెంబు తీసి ముఖాన కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది. అమ్మ పడమటి గోడకు జారగిలబడింది, పిల్లాణ్ని మాత్రం వదల్లేదు. గోడకు అంటిన నెత్తురు చూస్తుండగానే ఎండి నల్లబడింది. ఆయన మళ్లీ చెంబెత్తాడు.

అప్పుడు మూల నుంచి లేచింది మా నానమ్మ. అన్నేళ్లూ కొడుకును పల్లెత్తు మాట అనని మనిషి. ఆయన ఖాళీ చేతిని రెండు చేతులా పట్టుకుని, అరచేతిని ఆ గోడకేసి అదిమింది. ఆయన గుంజుకున్నా వదల్లేదు.

"పొద్దుగూకింది కద. గీ గోడ ఇంకెందుకు కాలుతుంది?" అంది.

"పొద్దటిసంది ఎండ పడ్డది, కాలదా? ఇడువు!" అని అరిచాడు నాన్న.

"గోడకు తెల్వది బిడ్డా, ఎవలు కాల్చిన్రో, ఎవల మీద కక్కుతున్నదో. నువ్వు గోడవా? నీకు తెలుసు. తెలిసే కొడ్తున్నవ్."

ఆయన చేతిలో చెంబు నెమ్మదిగా కిందికి దిగింది. నానమ్మ ఆయన్ని పక్కకు నెట్టి, అమ్మను లేపి, గుమ్మం దాటించింది.

పక్కింటి ముస్లిం పెద్దావిడను మేము ఖాలా అనేవాళ్లం. అరుపులు విని తలుపు తెరిచి నిలబడింది. "జల్ది లోపలికి తీస్కరా" అంది. వాళ్ల మట్టి గోడలు మూరెడు మందం. వాటిని దాటుకుని లోపలికి రావడానికి ఎండకు ఒక పగలు చాలదు. అక్కడ తమ్ముడికి తడిగుడ్డ చుట్టి, చెంచాతో కొద్దికొద్దిగా నీళ్లు పట్టారు. కాసేపటికి వాడు ఏడ్చాడు. అది విని అమ్మ కూడా భోరుమంది.

నాన్న మారిపోయాడని చెబితే అబద్ధం. ఆయన చెయ్యి మళ్లీ లేచింది. కానీ లేచిన ప్రతిసారీ, అది పడేదాకా ఆగకుండా, అమ్మ మమ్మల్ని తీసుకుని ఖాలా ఇంటికి నడిచేది. ఎండ మీద నెపం వేయడం మాత్రం మా ఇంట్లో ఆ రోజుతోనే ఆగిపోయింది.

నాకూ ఆయన కోపమే అబ్బింది. ఇప్పటికీ బయట మాటలు పడి ఇంటికొస్తే లోపల ఉడుకుతూనే ఉంటుంది. అలాంటి సాయంత్రాలు గుమ్మం ముందు ఆగి గోడ మీద అరచెయ్యి పెడతాను. అది వెచ్చగానే ఉంటుంది, పాపం, దానికేం తెలుసు. నాకు తెలుసు అనుకుని చెయ్యి తీసి లోపలికి వెళతాను.