వెంచర్ గేటు దగ్గర అన్నయ్య

మాణిక్యం అన్నయ్య వెంకటసుబ్బారావు విగ్రహానికి యూనిఫాం ఉంది, నెత్తిన టోపీ ఉంది, భుజం మీద కండువా, మూతి మీద మీసం కూడా ఉన్నాయి. రాజకీయ నాయకుల్ని పోసే అచ్చులోనే అతన్నీ పోశారు. చూపుడువేలు ఆకాశానికి ఎత్తి ఉంది.

"అన్నయ్యకి మీసం లేదురా," అంది మాణిక్యం.

"మీసం లేకపోతే వీరుడిలా ఉండడత్తయ్యా," అన్నాడు దుర్గాప్రసాద్.

అతను ఆమె పెదనాన్న మనవడు. కంకిపాడు దగ్గర చెరుకు తోటలు చదును చేసి ప్లాట్లు వేశాడు. వెంచర్‌కి వెంకటసుబ్బారావు పేరు పెట్టాడు. విగ్రహం కింద నల్లరాతి మీద ఆ పేరూ, దాని కింద బంగారు రంగు అక్షరాలూ చెక్కించాడు: 'యుద్ధంలో శత్రు విమానాలను నేలకూల్చి అసువులు బాసిన అమరవీరుడు.'

వెంకటసుబ్బారావు ఏ యుద్ధానికీ వెళ్లలేదు. 1961లో జెట్ విమానాలంటే జనానికి ఇంకా కొత్త. ఉత్తరాదిన ఒక ఎయిర్‌ఫోర్స్ శిక్షణ స్టేషన్లో వాటిని నడపడం నేర్చుకుంటున్నాడు. ఒక ఉదయం పైకి లేచిన కాసేపటికే ఇంజన్ ఆగి విమానం జొన్నచేలో పడి కాలిపోయింది. పక్క సీట్లో కూర్చుని నేర్పుతున్న ఆఫీసరు కూడా పోయాడు. ఇది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

మాణిక్యానికి ఇప్పుడు డెబ్బై నాలుగు. భర్త పోయాక చాలా ఏళ్లు తనే సేద్యం చేయించి ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు తోలింది. నీటి వంతు కోసం కాలవ మీద మగాళ్లతో పోట్లాడింది. అవసరమైన చోట అబద్ధాలూ ఆడింది. ఈ అబద్ధానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు.

"శిక్షణలో పోయాడని రాయించు. నేర్పేవాడితో కలిసి పోయాడని రాయించు. అదేం తక్కువ కాదు."

"యాక్సిడెంటంటే అపమృత్యువు అత్తయ్యా. ఆ పేరున్నచోట ఇల్లెవడు కడతాడు? వాస్తు చూడకుండా బాత్‌రూం కూడా కట్టట్లేదు జనం. యుద్ధమైతే పుణ్యం."

"మీ తాతా ఈ మాటే అన్నాడు."

అన్నయ్య శవపెట్టె వచ్చిన రోజు పెదనాన్న దాన్ని ఊళ్లోకి రానివ్వలేదు. కాలవగట్టు మీద, పెంట బళ్ల పక్కన దింపించాడు. మూత తీయొద్దని వెంట వచ్చిన సైనికులు చెప్పారు. స్నానం లేకుండా బిడ్డని ఎలా పంపనని అమ్మ ఏడిస్తే, ఆ చెక్కపెట్టె మీదే బిందెలతో నీళ్లు పోశారు. పెట్టె మీంచి కారిన నీళ్లు కాళ్లకి తగలకుండా పెదనాన్న పంచె ఎత్తిపట్టుకుని పక్కకి జరిగాడు. పదేళ్ల మాణిక్యం ఆ పంచెనే చూస్తూ నిలబడింది.

"అప్పుడు ఊళ్లోకి రానివ్వలేదు. ఇప్పుడు నీ గేటుకి కాపలా పెడతావా?"

"పాతవి మనకెందుకులే. రేపు ప్రారంభోత్సవంలో విగ్రహం ముసుగు తీసేది నువ్వే. పట్టుచీర కట్టుకో."

వెళ్లకుండా ఊరుకుంటే ఆ రాతకి ఒప్పుకున్నట్టే అవుతుందని మర్నాడు వెళ్లింది. నేతచీరలోనే వెళ్లింది. మైకులో దేశభక్తి పాటలు మోగుతున్నాయి, వెనక బిర్యానీ పొట్లాలు కడుతున్నారు. చల్లపల్లి నుంచి ప్లాటు చూడటానికి వచ్చిన శివపార్వతి అనే ఆవిడ పక్క కుర్చీలోంచి వంగింది.

"మీ అన్నయ్యగారు ఎన్ని విమానాలు కూల్చారండీ?"

"ఒక్కటేనమ్మా. తను ఎక్కిందే."

శివపార్వతి నవ్వబోయి ఆగింది. మాణిక్యం జరిగింది జరిగినట్టు చెప్పింది. జొన్నచేను గురించి చెప్పింది, మూత తీయని పెట్టె గురించి చెప్పింది. శివపార్వతి లేచి భర్త చెయ్యి పట్టుకుంది. "రండి, పోదాం. కాలిపోయినోడి పేరంట!" మాట వెనక వరసలకి పాకింది. ముసుగు తీయకముందే సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. బిర్యానీ పొట్లాలు మాత్రం ఎవరూ వదిలి వెళ్లలేదు.

"మా నోట్లో మన్ను కొట్టావుగా," అన్నాడు దుర్గాప్రసాద్.

"అడిగింది, చెప్పాను."

నెల తిరక్కుండా విగ్రహం టోపీ కొట్టేసి జుట్టు పెట్టారు. యూనిఫాంకి తెల్లరంగు వేశారు. కింద కొత్త రాయి మీద పెదనాన్న పేరు, 'దానశీలి' అనే బిరుదు వచ్చాయి.

"తాతైతే ఎవరికీ పేచీ లేదు. నిండు నూరేళ్లు బతికి మంచం మీద పోయాడు," అన్నాడు దుర్గాప్రసాద్.

"పాత రాయేదిరా?"

అతను గేటు పక్క మురిక్కాలవ చూపించాడు. దాటడానికి వీలుగా రాతిని దాని మీద అడ్డంగా పరిచారు. అక్షరాలు పైకే ఉన్నాయి. అన్నయ్య పేరు మీద ఎవరిదో బురద చెప్పు ముద్ర పడి ఉంది.

మాణిక్యం అక్కడ గోడ కడుతున్న మేస్త్రీని పిలిచింది.

"ఈ పేరొక్కటీ చెక్కి తీసెయ్ నాయనా."

"మిగతాదండీ?"

"అది ఇక్కడే ఉండనీ."