గిద్దలూరులో చదునైపోయిన బిషప్పు

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఈ ప్రయాణం ఊరు చూడడానికి కాదు. గిద్దలూరులో నా చెల్లెలు మరియమ్మ చనిపోయింది. దాని మెడలోని వెండి నాణెం ఇక నాకు రావాలి, అది మా అమ్మ మాట. అమ్మ ఆయాగా చేసిన ఆసుపత్రిలో జర్మనీ నర్సమ్మ దాన్ని ఇచ్చిపోయింది. వాళ్ళ దేశంలో వందల ఏళ్ళ కిందట వెండిని ఆకంత పల్చగా సాగగొట్టి ఒక్క వైపే అచ్చు వేసేవారట. ముందు ఉబ్బుగా, వెనక గుంటగా ఉంటుంది. రెండు బురుజుల నడుమ బిషప్పు కూర్చుని ఉంటాడు, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో పుస్తకం. క్రిస్మస్‌కు అమ్మ ఆయన్ని తీపి బిళ్ళల పిండి మీద ఒత్తేది.

పొద్దున మనవరాలూ నేనూ దొనకొండలో ప్యాసింజర్ ఎక్కాం. ఇద్దరికీ కలిపి టికెట్ వంద లోపే. మార్కాపురం రోడ్డులో టీ తాగండి, కంభం దాటాక ఏమీ దొరకదు. గిద్దలూరులో దిగి చెల్లెలి ఇంటికి పోవాలంటే ఆటో అతను, ఆమె ఇంటి దగ్గరే ఉందా అని అడిగాడు.

“మట్టిలో ఉంది నాయనా, పోనీ,” అన్నాను.

ఇంటికి చేరి నాణెం అడిగితే మరియమ్మ కొడుకు యోహాను తల దించుకున్నాడు. నాకిచ్చే ముందు మెరుగు పెట్టించాలని నాణేన్ని బస్టాండు దగ్గరి వెండి దుకాణంలో ఇచ్చాడట. వెంటనే ముగ్గురం పోయాం. దుకాణదారు గుడ్డ పరిచి దాన్ని పెట్టాడు. అద్దంలా మెరుస్తోంది.

“సొట్టలు శానా ఉన్నాయవ్వా. అన్నీ తీసేసినా.”

“అవి సొట్టలు కాదురా. ఆయన మొగం.”

అతను కాగితం తీసి, ఎట్లా ఉండేవాడో చెబితే మళ్ళీ చెక్కిస్తానన్నాడు. బురుజులు చెప్పాను, టోపీ చెప్పాను.

“కర్ర ఏ చేతిలో ఉండె?”

నా రెండు చేతులూ చూసుకున్నాను. నాణెం మీద ఒక చెయ్యి, పిండి మీద తిరగబడి రెండో చెయ్యి. ఏది ఏదో ప్రతి క్రిస్మస్‌కూ నాతో పోట్లాడి తేల్చేది మరియమ్మే. యోహాను ఫోనులో వాళ్ళమ్మ ఫోటోలన్నీ వెతికాడు. అన్నింట్లోనూ నాణెం పైట కిందే ఉంది.

చెక్కొద్దన్నాను. తప్పు చేతికి కర్ర ఇస్తే ఆయన ఇంకెవరో అవుతాడు. తిరుగు రైల్లో బొటనవేలితో తడుముతూ వచ్చాను. వేలు ఎక్కడా ఆగకుండా జారిపోయింది. మరియమ్మను పూడ్చిన రోజు దాని మొగమైనా చూశాను, ఈయనదైతే అదీ చూడలేదు. మీరు పాత వెండిని మెరుగుకు ఇస్తే ముందూ వెనకా ఫోటో తీసుకోండి, ఏది సొట్టో ఏది బొమ్మో పనివాడికి చూపించి చెప్పండి. కర్ర ఏ చేతిలో ఉందో ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.