అక్క చెప్పే ఆరంకెలు

ఆఫీసులో అందరూ ఆవిడను పాస్‌వర్డ్ పిన్ని అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆవిడా పలుకుతుంది. మంచినీళ్లకు లేచినా కంప్యూటర్ లాక్ చేసిగాని సీటు కదలదు. ఎవరైనా కీబోర్డు కింద పాస్‌వర్డ్ చీటీ దాచుకున్నారో, ఆ పూటకు వాళ్ల పని అయిపోయినట్టే. "ఇంటికి తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే వేలాడదీస్తావట్రా నాయనా?" అని నలుగురిలో కడిగేస్తుంది. బహుమతి వచ్చిందంటూ మెయిల్ వస్తే, "ఊరికే ఇచ్చేవాళ్లెవరమ్మా నీకు, నొక్కకు" అని పక్క సీటు అమ్మాయి చేతి మీద ఒక్కటి వేస్తుంది. మౌసు ముట్టుకోకుండా షార్ట్‌కట్లతోనే పనంతా చకచకా ముగించుకుని సాయంత్రం ఇంటికి పోతుంది. ఇల్లంటే ఒంటిగది. అక్కడ పిన్నీ అని పిలిచేవాళ్లెవరూ లేరు.

ఇంత జాగ్రత్త మనిషి దగ్గరా ఒక పెద్ద లొసుగు ఉంది. లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్ తర్వాత అడిగే ఆరంకెల కోడ్ ఆవిడ ఫోన్‌కు రాదు, వాళ్ల అక్క ఫోన్‌కు వెళ్తుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో ఈవిడ ఫోన్ నీళ్లలో పడితే, అవసరానికి అక్క నంబరు ఇచ్చింది. తర్వాత తల్లి పోయింది. ఆఖరి రోజుల్లో ఆమెకు ఎవరు ఎక్కువ సేవ చేశారన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఈవిడ పెట్టె సర్దుకుని వచ్చేసింది. మాటలు ఆగిపోయాయి గాని కోడ్ ఆగలేదు.

రోజూ సీట్లో కూర్చోగానే అక్కకు ఫోన్ చేస్తుంది.

"వచ్చిందా?"

"ఆ. రాసుకో."

ఆరంకెలు, ఒక "సరే", అంతే. ఆ అంకెలు చెప్పే తీరును బట్టే అక్కకు జలుబు చేసిందో, రాత్రి నిద్ర పట్టలేదో పోల్చుకుంటుంది. ఎలా ఉన్నావని అడగడానికి మాత్రం నోరు రాదు. పౌరుషం మరి! రోజు మొత్తంలో అయినవాళ్ల గొంతు చెవిన పడేది ఆ కాసేపే. నంబరు మార్చుకోనిది అందుకే.

ఈమధ్య ఆఫీసులో ఎవరి అకౌంట్‌లోకో దొంగలు జొరబడ్డారు. సిస్టమ్స్ చూసే ఆయన అందరివీ తిరగేసి, పిన్ని దగ్గరికొచ్చి ఆగాడు.

"మేడమ్, కోడ్ ఎవరికీ తెలియకూడదని మాకు చెప్పేది మీరేగా! ఇదేంటండీ?"

"మా అక్కేనండీ."

"ఎవరైనా సరే. ఇవాళ మార్చకపోతే రేపు మీకు లాగిన్ అవదు."

చుట్టుపక్కల సీట్లవాళ్లు పకపకా నవ్వారు. పిన్ని కూడా నవ్వుతూనే నంబరు మార్చింది. ఇకమీదట ఈ నంబరుకు కోడ్ రాదని అక్కకు మెసేజ్ వెళ్లిపోయింది.

మర్నాడు కోడ్ ఆవిడ ఫోన్‌కే టింగుమని వచ్చింది. కొట్టింది, మెయిళ్లు తెరుచుకున్నాయి, కాని పని మీదికి చెయ్యి పోలేదు. ఇక ఏ వంక పెట్టుకుని అక్కకు ఫోన్ చేస్తుంది? ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది. కాసేపు తటపటాయించి, ఏమైతే అయిందని అక్క నంబరు నొక్కేసింది. మొదటి రింగుకే అక్క ఎత్తింది.

ఏమనాలో తెలియక, "వచ్చిందా?" అనేసింది పిన్ని.

కోడ్ రాదని అక్కకూ తెలుసు, నిన్నటి మెసేజ్ చదివే ఉంటుంది.

"ఆ, వచ్చింది. రాసుకో," అంది అక్క. ఒక్కొక్క అంకే నెమ్మదిగా చెప్పింది.

పిన్ని బుద్ధిగా కాగితం మీద రాసుకుంది. "సరిగ్గా వినబడలేదు. ఇంకోసారి చెప్పక్కా," అంది.

అక్క ఇంకోసారి చెప్పింది. ఈసారి అంకెలు వేరు. పిన్ని వాటినీ రాసుకుంది.